చిన్న సర్కారు అభ్యర్థి, అడవి-నది ఓటరు: సిరొంచ, అహేరి కోసం తెచ్చిన ప్రచార కిట్ ఎలా ఉంది?

సర్కారు ఖర్చు తగ్గాలి, పన్నులు తగ్గాలి, నిర్ణయాలు ఊరికి రావాలి అని నిలబడే అభ్యర్థిని అడవి గురించి, నది గురించి పట్టించుకునే ఓటరు మొదట అనుమానంగానే చూస్తాడు. "సర్కారునే తగ్గిస్తామంటే, అడవి నరికేటోణ్ణి ఆపేదెవరు?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు తడబడకుండా జవాబు చెప్పేలా కార్యకర్తలను తయారుచేస్తామని చంద్రపూర్ వైపు నుంచి ఒక ప్రచార సలహా బృందం కిట్ అమ్ముతోంది, శిక్షణ కూడా ఇస్తోంది. ఒడిశాలో రాయగడ, గుణుపురం తెలుగువాళ్లకు ఒక కూర్పు ఉంది. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ, అహేరి తాలుకాలకు మరొకటి. ఈ సమీక్ష ముఖ్యంగా రెండో దాని గురించి.

కిట్ వెనకున్న ఆలోచన గట్టిది. నది, అడవి చెడిపోయిన చాలా చోట్ల ఆ చెడుపుకు డబ్బు పెట్టింది, అనుమతి ఇచ్చింది, తర్వాత కళ్లు మూసుకుంది సర్కారే. కాబట్టి ఊరి అనుమతి లేకుండా సర్కారు ఏదీ చేయలేని స్థితి వస్తే అడవి బతుకుతుంది అన్నది దీని వాదన. ఈ ప్రాంతంలో దానికి సాక్ష్యాలు కావలసినన్ని. అయితే సరంజామాలో సగమే ఉన్నది ఉన్నట్టు వాడుకోగలం. వెదురు, గనుల కార్డులను మాత్రం తిరిగి రాసుకోకుండా ఎవరి చేతికీ ఇవ్వకూడదు.

సంచిలో 32 పేజీల చేతిపుస్తకం, 14 సంభాషణ కార్డులు, ఇంటింటి సర్వే పత్రాలు, కరపత్రం నమూనా, ఆడియోలున్న పెన్‌డ్రైవ్, కొన్ని బ్యానర్లు ఉంటాయి. ధర 6,500 రూపాయలు. రెండు పూటల శిక్షణకు వచ్చే మనిషి దారి ఖర్చు, భోజనం మనవే.

అన్నిటికన్నా బాగున్నది సంభాషణ నడిపే క్రమం. గుమ్మం దగ్గర అభ్యర్థి పేరు, గుర్తు చెప్పొద్దంటుంది. ముందు మూడు ప్రశ్నలు అడగాలి: "ఈ పదేళ్లల్ల మీ నీళ్లు, మీ అడవి ఎట్ల మారినయి? ఆ మార్పు ఎవరు తెచ్చిన్రు? మిమ్మల్ని అడిగిన్రా?" మూడో ప్రశ్నకు "మమ్మల్ని ఎవరడిగిన్రు" అని వచ్చిందంటే అభ్యర్థి మాటకు చోటు దొరికినట్టే. అప్పుడు ఒక్క హామీ చాలు, రెండోది వద్దు. ఆ ఇంటివాళ్లు ఏ మాటలో చెప్పారో అదే మాటలో సర్వే పత్రం మీద రాసుకుని, రెండోసారి వెళ్లినప్పుడు అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఇద్దరిద్దరుగా వెళ్లాలని, వారిలో ఒకరు ఆ వాడ మనిషే అయి ఉండాలని పుస్తకం చెప్తుంది. ఇంటికి పది నిమిషాలైనా పడుతుంది కాబట్టి ఒక జంట పూటకు పదిహేను ఇళ్లకు మించి తిరగలేదు. కార్యకర్తలను లెక్కేసుకునేటప్పుడు ఇది మర్చిపోతే సగం ఊరు మిగిలిపోతుంది.

ఈ క్రమం ఎక్కడ చెడుతుందంటే, మూడో ప్రశ్నకు జవాబు పూర్తవకముందే కార్యకర్త పన్నుల మీద ఉపన్యాసం ఎత్తుకున్నప్పుడు. ముంపు గురించి చెప్తున్న రైతుకు బడ్జెట్ లోటు గురించి చెప్తే "సరే, చూద్దాం తీయి" అని లోపలికి వెళ్లిపోతాడు. శిక్షణలో దీనికి అభ్యాసం చేయిస్తారు: ఒకరు ఓటరుగా కూర్చుంటారు, రెండోవారు ఐదు నిమిషాల పాటు ప్రశ్నలే అడగాలి, అభిప్రాయం చెప్పకూడదు. విసుగు పుట్టించే పనే, కానీ మొత్తం సేవలో డబ్బుకు తగ్గ భాగం ఇదే.

ఇళ్లకు వెళ్లే వేళ మాత్రం తప్పు రాశారు. ఉదయం 8 నుంచి 11 దాకా అట. బీడీలు చుట్టే తునికాకు కోసే రోజుల్లో ఆ వేళకు తలుపులకు గొళ్లేలే కనిపిస్తాయి. తెల్లారకముందే అడవికి పోతారు, మధ్యాహ్నం ఇంటి అరుగు మీద కట్టలు కడతారు, సాయంత్రం కట్టలు లెక్కపెట్టి తీసుకునే కల్లానికి తెస్తారు. మాట్లాడాల్సింది ఆ కల్లం దగ్గరే. అదీ కట్టలు లెక్కయ్యాక. "అక్కా, లెక్క అయినంక ఒక్క మాట" అని పక్కన నిలబడితే వాళ్లే పిలుస్తారు. లెక్క నడుస్తుండగా మధ్యలో దూరితే ఓటు సంగతి అటుంచి, తిట్లు దక్కుతాయి.

ఇక కార్డులు. మేడిగడ్డ కార్డు బాగా రాశారు. గోదావరి మీద 85 గేట్ల ఆ బ్యారేజీ అవతలి గట్టు తెలంగాణది, ఇవతలిది సిరొంచ తాలుకాది. 100 మీటర్ల నీటిమట్టానికి రెండు రాష్ట్రాలు 2016 ఆగస్టులో ఒప్పందం చేసుకున్నాయి. బ్యారేజీని 2019 జూన్ 21న ప్రారంభించారు. 2023 అక్టోబరు 21న 7వ బ్లాకులో పియర్లు, అంటే గేట్లను మోసే స్తంభాలు, కుంగాయి. ఈ బ్యారేజీ భాగమైన కాళేశ్వరం ఎత్తిపోతల పథకానికి పర్యావరణ అనుమతి రాకముందే పనులు చాలావరకు జరిగిపోయాయని, అది చట్ట ఉల్లంఘన అని 2020 అక్టోబరులో జాతీయ హరిత ట్రైబ్యునల్ తేల్చింది. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభకు వచ్చిన, సర్కారు ఖర్చులను తనిఖీ చేసే కాగ్ నివేదిక, పథకం మీద పెట్టే ప్రతి రూపాయికీ వచ్చే ప్రయోజనం 52 పైసలేనని లెక్కగట్టింది. ఇవతలి గట్టు రైతులేమో ముంపు పరిహారం కోసం ధర్నాలు చేయాల్సి వచ్చింది. చిన్న సర్కారు వాదనకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు: అంత పెద్ద ఖర్చు, అంత తొందర, ఒడ్డున ఉన్నవాళ్లను అడగకపోవడం, మూడూ ఒక్క చోటే.

కార్డు అంచున చిన్న అక్షరాల్లో ఒక హెచ్చరిక ఉంది, దాన్ని పెద్దగా వేయాల్సింది. తెలంగాణవాళ్లను నిందించే ఒక్క మాట కూడా అనొద్దట. సరైన మాట. సిరొంచలో ఇల్లిల్లుకూ కాళేశ్వరంలోనో, మంథనిలోనో, చెన్నూరులోనో వియ్యాలవారు ఉంటారు. "వాళ్లు మన నీళ్లు తీసుకుపోయిన్రు" అన్న కార్యకర్త ఆ ఇంటి అల్లుణ్ణి తిట్టినట్టే. అనాల్సింది ఒక్కటే: ఒడ్డున ఊళ్ల గ్రామసభ ఒప్పుకోకుండా ఏ సర్కారూ నది మీద చేయి వేయకూడదు, అది ముంబయిదైనా, హైదరాబాదుదైనా.

తునికాకు కార్డులో రెండు తప్పులున్నాయి, రెండూ కల్లం దగ్గర పరువు తీసేవే. కట్టకు 50 ఆకులని వేశారు. అది అవతలి గట్టు లెక్క. మహారాష్ట్రలో కట్టంటే 70 ఆకులు. ఆ కార్డు చూసిన ఏ ఆడబిడ్డయినా ఇది రాసినవాళ్లు ఆకు కట్టినవాళ్లు కాదని వెంటనే పట్టేస్తుంది. రెండోది పన్ను. తునికాకు మీద జీఎస్టీ 18 శాతం అని ఇంకా అచ్చులో ఉంది. 2017లో అంతే ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గించారు. పన్ను తగ్గడం అభ్యర్థి వాదనకు లాభించే విషయమే. కాంట్రాక్టరు కట్టే పన్ను తగ్గినా గ్రామసభ వేలంలో ఆకు రేటు ఆ మేరకు పెరిగిందా అని అడిగితే చర్చ మొదలవుతుంది. పాత అంకె పట్టుకుని వెళ్తే ఆ అవకాశం పోతుంది.

దీనికన్నా ప్రమాదకరమైనది వెదురు కార్డు. "2017 చట్టంతో వెదురు స్వేచ్ఛ వచ్చింది, కోయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు" అని రాశారు. 1927 అటవీ చట్టంలో చెట్ల జాబితా నుంచి వెదురును 2017లో తీసేసిన మాట నిజం. కానీ అది అడవి కాని నేలలో పెంచిన వెదురుకే. అడవిలో వెదురు మీద హక్కు వచ్చేది 2006 అటవీ హక్కుల చట్టం నుంచి. ఆ చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. రవాణా పర్మిట్ ఇవ్వాల్సింది గ్రామసభ నియమించిన కమిటీ అని 2012లో సవరించిన నియమాలు చెప్తాయి. కార్డు మాట నమ్మి ఎవరైనా కొడవలి పట్టుకుని పోతే కేసయ్యేది ఆ మనిషి మీద, కిట్ అమ్మినవాళ్ల మీద కాదు. ఈ కార్డు చింపేసి, దాని బదులు మెండా-లేఖా గురించి చెప్పండి. అదే జిల్లా, ధనోరా తాలుకా. 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సాముదాయిక హక్కు పత్రం పొందిన ఊరది. 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ వచ్చి రవాణా పర్మిట్ల పుస్తకం ఆ గ్రామసభ చేతిలో పెట్టారు. "దిల్లీ ముంబయిలో మా సర్కారు, మా ఊళ్లో మేమే సర్కారు" అన్నది వాళ్ల నినాదం. అభ్యర్థి చెప్పదలచుకున్నదంతా అందులోనే ఉంది, కొత్త నినాదం కోసం వెతుక్కునే పని లేదు.

మీ ఊరికి ఆ పత్రం వచ్చిందా లేదా అన్నది కార్యకర్తకు ముందే తెలిసి ఉండాలి. రాకపోతే సాముదాయిక అటవీ వనరుల హక్కుకు దరఖాస్తు ఫారం 'సి'లో వేయాలి, దాన్ని ముందుగా పరిశీలించేది గ్రామసభ అటవీ హక్కుల కమిటీ, తర్వాత ఉపవిభాగ కమిటీ, చివర జిల్లా కమిటీ. ఎక్కడ ఆగిందో కనుక్కుని చెప్పగలిగిన కార్యకర్త మాట విలువ వేరు. కిట్‌లో ఈ ఫారం లేకపోవడం పెద్ద లోటు.

గనుల కార్డు దగ్గర కిట్ చేతులెత్తేసింది. సూర్జాగఢ్ కొండల్లో ఇనుప ఖనిజం తవ్వుతున్న జిల్లాలో ఓటరు తప్పకుండా అడుగుతాడు: "సర్కారు తప్పుకుంటే కంపెనీకి అడ్డేముంది?" దీనికి కార్డు ఇచ్చిన జవాబు, పోటీ పెరిగితే కంపెనీలే శుభ్రంగా పనిచేస్తాయని. ఈ జవాబు విన్నవాళ్లు రెండోసారి తలుపు తీయరు, తీయకపోవడమే న్యాయం కూడా. దుమ్ము పీల్చే మనిషికి ఖనిజం కొనేవాడితో ఏ బేరమూ ఉండదు, పోటీ అతన్ని ఎలా కాపాడుతుంది?

చిన్న సర్కారు సూత్రం లోపలే దీనికి నిజాయితీ గల జవాబు ఉంది. కంపెనీ కోసం సర్కారు భూమి లాక్కోకూడదు. 2013 భూసేకరణ చట్టం ప్రైవేటు కంపెనీకైతే 80 శాతం, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యానికైతే 70 శాతం బాధిత కుటుంబాల సమ్మతి కావాలంటుంది. అభ్యర్థి ఇంకో అడుగు ముందుకేసి, అమ్మేవాడు ఇష్టపడితేనే కొనాలి, లేకపోతే లేదు అనాలి. పట్టా లేని అడవి నేలకు గ్రామసభ సమ్మతే సరిహద్దు. ఒడిశా కూర్పులో దీనికి నియమగిరి కొండల ఉదాహరణ చక్కగా వాడారు: 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలింది, రాయగడ జిల్లాలో 7, కలహండిలో 5, మొత్తం 12 గ్రామసభలూ బాక్సైటు తవ్వకాన్ని తిరస్కరించాయి. ఆ కేసులో తవ్వకం కోసం కోర్టుకెక్కింది ఒడిశా మైనింగ్ కార్పొరేషన్, అంటే సర్కారు సంస్థ. ఈ ఒక్క వాక్యాన్ని సిరొంచ కార్డులోకి తెచ్చుకోండి. ఇక ఖనిజ నిధి. 2015లో గనుల చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. వేలంలో వచ్చిన లీజులకు రాయల్టీలో 10 శాతం, అంతకు ముందు లీజులకు 30 శాతం దానికి కట్టాలి. ఆ డబ్బు భవనాలకు, టెండర్లకు పోకుండా దుమ్ము మీదపడే ఊళ్ల కుటుంబాల ఖాతాల్లో నేరుగా పడాలి అని అభ్యర్థి చెప్తే అది చిన్న సర్కారు మాటే, అడవి వైపు మాటే.

చంద్రపూర్ కార్డు సగం వాదన చెప్పి ఆపేసింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచీ వేస్తే చంద్రపూర్ 83.88తో ఎక్కువ కాలుష్యమున్న వాటిలో నాలుగో స్థానంలో నిలిచింది. అక్కడి బొగ్గు గనులు, పెద్ద థర్మల్ కేంద్రం ఎక్కువగా సర్కారు సంస్థలవి. సర్కారే పొగ వదులుతూ, సర్కారే తనిఖీ చేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ. కానీ ఓటరు తర్వాతి ప్రశ్న "మరి కాలుష్య మండలిని కూడా తీసేస్తారా?" అనే. కార్డులో జవాబు లేదు. కోర్టులు ఉన్నాయని మాత్రం రాశారు.

కోర్టులు ఉన్నమాట నిజమే. చెడగొట్టినవాడే మూల్యం చెల్లించాలని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. 2010 చట్టంతో హరిత ట్రైబ్యునల్ వచ్చింది. పర్యావరణ అనుమతిని అక్కడ సవాలు చేయాలంటే 30 రోజుల గడువు, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. నష్టపరిహారానికైతే ఐదేళ్లు. అయితే మహారాష్ట్ర కేసులు వినే బెంచి పుణెలో ఉంది. సిరొంచ నుంచి రాష్ట్రం ఈ చివర నుంచి ఆ చివరికి పోవాలి. నీటి నమూనా, గాలి కొలత చేతిలో లేకుండా పోయి ప్రయోజనమూ ఉండదు. అందుకే అభ్యర్థి ఏది తగ్గిస్తాడో చెప్పినంత గట్టిగా, ఏది తగ్గించడో కూడా చెప్పాలి: ప్రాజెక్టులు, కాంట్రాక్టులు, కంపెనీలకు రాయితీలు తగ్గుతాయి, గాలిని, నీటిని కొలిచే పని తగ్గదు, ఆ కొలతలు రోజూ గ్రామ పంచాయతీ గోడ మీద ఉంటాయి. ఈ రెండో సగం లేని ప్రచారం అడవి మనుషుల ఓటు అడగడానికి అర్హమైనది కాదని మా గట్టి అభిప్రాయం.

ఉచిత కరెంటు కార్డు జాగ్రత్తగా వాడాల్సినది. 7.5 హెచ్‌పీ లోపు వ్యవసాయ పంపులకు మహారాష్ట్ర 2024 నుంచి ఉచిత విద్యుత్ ఇస్తోంది, అవతలి గట్టున 2018 నుంచి 24 గంటలూ ఉచితమే. మోటారు ఆపాల్సిన అవసరం లేకపోతే భూగర్భజలం పడిపోతుంది, బిల్లు మిగతా జనం మీద పడుతుంది అన్న కార్డు వాదన సరైనదే. కానీ "తీసేస్తాం" అని మొదలుపెడితే రైతు వినడు. ఆ రాయితీని నగదుగా మార్చి రైతు ఖాతాలో వేసి, మీటరు పెట్టి, నీళ్లు పొదుపు చేసినవాడికి ఆ డబ్బు మిగిలేలా చేస్తామని మొదలుపెట్టాలి. కార్డు వెనక వైపు ఉన్న ఈ మాటను ముందు వైపు వేసుకోండి.

చేతిపుస్తకంలో నాలుగు పేజీలు విదేశీ ఉదాహరణలు. 1984లో న్యూజిలాండ్ వ్యవసాయ రాయితీలు ఎత్తేసిన కథ ఉంది, తర్వాత అక్కడ పాడి పశువులు పెరిగి నదులు చెడిన సంగతి మాత్రం లేదు. తెలిసినవాడు అడిగితే ఇరుక్కుపోతారు. ఉమ్మడి వనరులను ఊళ్లే కాపాడుకోగలవని చూపి 2009లో అర్థశాస్త్ర నోబెల్ పొందిన ఎలినార్ ఆస్ట్రోమ్ గురించి ఒక పేజీ ఉంది. అహేరిలో ఉపాధ్యాయులకు, కాలేజీ పిల్లలకు అది పనికొస్తుంది. అసలు ఉండాల్సింది మన ఇంటి చరిత్ర. 1959లో రాజాజీ స్వతంత్ర పార్టీ పెట్టినప్పుడు తొలి అధ్యక్షుడు ఆచార్య ఎన్.జి. రంగా. రైతు పక్షాన నిలిచి సర్కారు పెత్తనాన్ని ఎదిరించిన తెలుగువాడు. ఒడిశాలో 1967లో ఆ పార్టీ నేత ఆర్.ఎన్. సింగ్‌దేవ్ ముఖ్యమంత్రి కూడా అయ్యారు. చిన్న సర్కారు అంటే అమెరికా సరుకు అని ఎవరైనా కొట్టిపారేస్తే చెప్పాల్సింది ఇదే, పుస్తకంలో ఒక్క ముక్క లేదు.

అచ్చు, భాష విషయానికొస్తే, కరపత్రం తెలుగు లిపిలో అందంగా ఉంది. కానీ సిరొంచ ప్రాంతంలో ఇంట్లో తెలుగు మాట్లాడి బడి మరాఠీలో చదివినవాళ్లు చాలామంది. వాళ్లకు వినబడే తెలుగు హాయి, చదవడానికి దేవనాగరి అలవాటు. కరపత్రం ఒక వైపు మరాఠీ, రెండో వైపు తెలుగు వేయించుకోండి. పెన్‌డ్రైవ్‌లోని ఆడియోలు కోస్తా యాసలో ఉన్నాయి, మీ ఊరి గొంతుతో మళ్లీ రికార్డు చేసుకోవాలి. ఒక్కోటి నిమిషం దాటకూడదు, లేకపోతే ఫోన్‌లో ఎవరూ చివరిదాకా వినరు. మాడియా గోండు ఆదివాసీల ఊళ్లకు ఈ కిట్‌లో ఏమీ లేదు.

బ్యానర్లు వెనక్కి ఇచ్చేయండి. పలచని ఫ్లెక్స్ పంపుతున్నారు. 100 మైక్రాన్లలోపు ప్లాస్టిక్, పీవీసీ బ్యానర్లు 2022 జులై 1 నుంచి నిషేధం, ప్లాస్టిక్ జెండాలు, అలంకరణకు వాడే థర్మోకోల్ కూడా అంతే. చెట్లకు కట్టే బ్యానరే చట్టవిరుద్ధమైతే అడవి గురించి మాట్లాడే అభ్యర్థిని ఫొటో తీసి వాట్సాప్‌లో తిప్పడానికి ఎదుటివాళ్లకు క్షణం పట్టదు. నూలు గుడ్డ మీద స్క్రీన్ ప్రింటింగ్ చేయించి, పై అంచులో కర్ర దూరేలా కుట్టించి, వెదురు బద్దకు ఎక్కించి గుంజకు కట్టండి. చెట్టుకు మేకు కొట్టొద్దు. అసెంబ్లీ ఎన్నికైతే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ ప్రకారం కరపత్రం మీద ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు ఉండాలి. కిట్ నమూనాలో ఆ గీత ఖాళీగా కూడా వదల్లేదు. మీరే చేర్పించి, ప్రెస్సువాళ్లు ప్రకటన పత్రంతో పాటు కరపత్రం కాపీని కలెక్టరు కార్యాలయానికి పంపారో లేదో చూసుకోవాలి. మైకు రాత్రి 10 దాటితే ఆపేయాలి.

కొనదలచుకుంటే పూర్తి కిట్ అక్కర్లేదు. శిక్షణ, సంభాషణ కార్డులు విడిగా ఇమ్మంటే ఇస్తున్నారు. తునికాకు, వెదురు, గనుల కార్డులు సవరించి పంపమని ఆర్డరులోనే రాయించండి. నామినేషన్లకు కనీసం నెల ముందు తెప్పించుకుంటే మరాఠీ వైపు అచ్చుకు, ఆడియోలకు వేళ దొరుకుతుంది. శిక్షణకు మాత్రం ప్రతి వాడ నుంచి ఒక ఆడమనిషి వచ్చేలా చూసుకోండి, కల్లం దగ్గర మాట్లాడాల్సింది వాళ్లే.